అందంగా మెయిల్ రాయడానికి ఏ ప్రోగ్రామ్ పెట్టుకోవాలి? థండర్‌బర్డ్, అవుట్‌లుక్, మరికొన్ని

మా చిన్నాయనకు తిరుపతి బస్టాండ్ దగ్గర చిన్న ట్రావెల్స్ ఆఫీసు ఉంది. ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకు స్వామివారి క్యాలెండర్, ఐదారేళ్ల నాటి విండోస్ కంప్యూటర్. పోయిన ఎండాకాలం నాగపూర్ నుంచి ఒక పార్టీ రేట్లు అడిగితే, రాత్రి పది దాకా కూర్చుని బ్రౌజర్‌లోనే మెయిల్ తయారు చేశాడు. ఎడమ పక్క బండి పేరు, మధ్యలో ఊళ్లు, కుడి పక్క రేటు. టేబుల్ గీసే బటన్ ఎక్కడా కనపడక, స్పేస్ బార్ నొక్కి నొక్కి అంకెలన్నీ ఒక వరసలో నిలబెట్టాడు. ఆయన స్క్రీన్ మీద బాగానే నిలబడ్డాయి. అవతలివాళ్లు ఫోన్లో తెరిచేసరికి వరసలన్నీ కూలిపోయి, పన్నెండు సీట్ల టెంపో ట్రావెలర్ పక్కన మామూలు కారు రేటు వచ్చి కూర్చుంది. వాళ్లు సంతోషంగా ఫోన్ చేసి ఖాయం చేసేసుకున్నారు. చిన్నాయన పరువు కోసం ఆ రేటుకే కాణిపాకం, శ్రీకాళహస్తి తిప్పి పంపాడు.

మర్నాడు పొద్దున్నే నాకు ఫోన్. "నాయనా, మెయిలు రాసేదానికి మంచి సాఫ్ట్‌వేర్ ఏదన్నా ఉంటే వచ్చి పెట్టిపోరా, దుడ్డు పోతే పోయింది, ఆ టెన్షన్ పడలేను" అన్నాడు.

నేను తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల కొట్లకూ చిన్న ఆఫీసులకూ కంప్యూటర్లు చూసిపెడుతుంటాను, కాబట్టి ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. కానీ "ఏది మంచిది" అని అడిగేవాళ్లందరూ చూసేది ఒకటే, ఎన్ని బటన్లు ఉన్నాయని. నేను చూసేది వేరు. మనం రాసింది అవతలివాళ్ల ఫోన్లో, అవతలివాళ్ల ప్రోగ్రామ్‌లో ఎంతవరకు చెక్కుచెదరకుండా తేలుతుంది అనేదే అసలు పరీక్ష, బటన్లు తర్వాత. కింద రాసేదంతా ఆ లెక్కలోనే రాస్తున్నాను.

ఇంకో సంగతి ముందే చెప్పేస్తాను. మీరు రోజుకు నాలుగు మెయిళ్లు, అవీ రెండేసి లైన్లు, ఫోన్లోంచే పంపేవాళ్లయితే ఇవేవీ మీకు అక్కర్లేదు. బ్రౌజర్‌లో జీమెయిల్ చాలు, బోల్డు, రంగు, చుక్కల జాబితా అన్నీ అందులోనే ఉన్నాయి. టేబుళ్లు, ఒకే నమూనాలో పదే పదే పంపే కొటేషన్లు, లోగోతో సంతకం, రెండు మూడు ఖాతాలు ఒకేచోట, నెట్ లేనప్పుడు పాత మెయిళ్లు వెతకడం, ఇలాంటి అవసరాలు ఉన్నవాళ్లకే డెస్క్‌టాప్ ప్రోగ్రామ్.

మెయిల్ అవతల ఎలా తేలుతుందంటే

రంగులు, బోల్డు, టేబుల్ ఉన్న మెయిల్ అంటే లోపల అది ఒక చిన్న వెబ్ పేజీ. హెచ్‌టీఎంఎల్ అంటారే, అదే. దానితో పాటు చాలా ప్రోగ్రాములు అదే మేటర్‌ని ఏ అలంకారమూ లేని మామూలు అక్షరాల్లో ఇంకో కాపీగా జతచేసి పంపుతాయి. అవతలి ప్రోగ్రామ్ తనకు చేతనైంది తీసుకుని, తనకు తెలిసిన పద్ధతిలో మళ్లీ గీసుకుంటుంది. మనం పంపేది ఫోటో కాదు, గీసుకోవడానికి సూచనలు, అంతే. వంటకం పంపడం లేదు, ఎలా వండాలో రాసి పంపుతున్నాం అనుకోండి. ఆ ఇంట్లో ఏ గిన్నె ఉంటే అందులో వండుతారు.

అందుకే స్పేస్ బార్‌తో పెట్టిన వరసలు ఆగవు. అక్షరాల వెడల్పు ఫాంటును బట్టి మారుతుంది, లైను ఫోన్ వెడల్పును బట్టి విరుగుతుంది. టేబుల్ గీస్తే మాత్రం ఏ గడి పక్కన ఏ గడి ఉండాలో ఆ సూచనల్లోనే ఉంటుంది కాబట్టి రేటు బండి పక్కనే ఉంటుంది.

ఫాంట్లూ అంతే. మీరు మీ కంప్యూటర్‌లో ముచ్చటపడి పెట్టుకున్న ఫాంటు మెయిల్‌తో పాటు ప్రయాణం చెయ్యదు. పేరు మాత్రమే వెళ్తుంది. అవతల ఆ పేరుతో ఫాంటు ఉంటే సరే, లేకపోతే వాళ్ల దగ్గర ఉన్నదేదో వేసుకుంటారు.

థండర్‌బర్డ్: డబ్బు పెట్టకుండా ఎక్కువ పని

నేను ఎక్కువమందికి పెట్టేది ఇదే. మొజిల్లా వాళ్లది, 2004 నుంచి ఉంది, పూర్తిగా ఉచితం, ఆఫీసుకు వాడుకున్నా ఉచితమే. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. 2023లో 115వ వెర్షన్‌తో పైపై రూపం బాగా మార్చారు గానీ, మెయిల్ రాసే కిటికీలో ఉన్న ఎడిటర్ మాత్రం పాతకాపే. అందం తక్కువ, పని ఎక్కువ.

రాసే కిటికీలో మీద ఒక వరస బటన్లు ఉంటాయి: పేరా రకం, ఫాంటు, రంగు, సైజు, బోల్డు, జాబితాలు, ఇండెంటు. ఇన్సర్ట్ మెనూలోకి వెళ్తే టేబుల్, బొమ్మ, లింకు, అడ్డగీత ఉంటాయి, వాటి కిందే హెచ్‌టీఎంఎల్ అని ఒకటి ఉంటుంది, నాకు ఈ ప్రోగ్రామ్ నచ్చడానికి సగం కారణం అదే. మీకు కాస్త కోడ్ తెలిసినా, తెలిసిన కుర్రాడు పక్కన ఉన్నా, తయారుచేసిన ముక్కని అక్కడ పేస్ట్ చేస్తే అలాగే మెయిల్లోకి దిగుతుంది. చిన్నాయన రేట్ల టేబుల్ అట్లాగే ఒకసారి రాసిపెట్టాను. మూడే నిలువు వరసలు, వెడల్పు పిక్సెళ్లలో కాకుండా 100 శాతం అని ఇచ్చాను, ఫోన్లో తెరిస్తే ఆ స్క్రీన్‌కి సరిపడా ముడుచుకుంటుంది. ఇంకో మూడు వరసలు పెట్టమని చిన్నాయన గొడవ. డ్రైవరు బత్తా, టోల్ ఛార్జీలు, పార్కింగ్ అన్నీ విడివిడిగా కావాలట. ఫోన్లో ఆరు వరసలు దూర్చితే ఒక్కో గడిలో రెండేసి అక్షరాలు పట్టి నిలువునా వేలాడతాయి, వాటిని టేబుల్ కింద మామూలు వాక్యంగా రాయమని చెప్పి ఒప్పించేసరికి రెండు టీలు అయిపోయాయి.

ఆ మెయిల్‌ని టెంప్లేట్‌గా సేవ్ చేసేశాం. ఇప్పుడు ఎవరు రేట్లు అడిగినా దాన్ని డబుల్ క్లిక్ చేస్తే కొత్త మెయిల్ తెరుచుకుంటుంది, పేరు, తేదీ మార్చి పంపడమే. ఇంకా ముందుకెళ్లాలంటే క్విక్‌టెక్స్ట్ అనే యాడ్-ఆన్ (అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) ఉంది, రోజూ వాడే ముక్కల్ని దాంట్లో పెట్టుకుంటే అవసరమైనచోట దించుకోవచ్చు.

చిరాకులు లేవా అంటే ఉన్నాయి. కొత్తగా వాడేవాళ్లందరూ మొదటి రోజే అడిగేది, ఎంటర్ కొడితే లైన్ల మధ్య ఇంత ఖాళీ ఎందుకొస్తోంది అని. ఎంటర్ కొడితే అది కొత్త పేరా అనుకుంటుంది, కింది లైనుకు దిగితే చాలనుకుంటే షిఫ్ట్ పట్టుకుని ఎంటర్ కొట్టాలి. చిరునామాలు రాసేటప్పుడు ఇది తెలియకపోతే ఒక్కో లైనూ ఒక్కో ఊళ్లో ఉన్నట్టు కనిపిస్తుంది. రెండోది, మెయిల్లో మీరు ఏ అలంకారమూ చెయ్యలేదనుకుంటే అది తనంతట తానే మామూలు అక్షరాల మెయిల్‌గా పంపేస్తుంది. ఎప్పుడూ రెండు రూపాల్లోనూ వెళ్లాలంటే సెట్టింగ్స్‌లో కంపోజిషన్ కింద పంపే ఫార్మాట్ మార్చుకోవాలి. మూడోది సంతకం. పేరు, నంబరు అయితే ఖాతా సెట్టింగ్స్‌లోనే టైప్ చేయొచ్చు, లోగో, రంగులు కావాలంటే మాత్రం అక్కడే హెచ్‌టీఎంఎల్ కోడ్ రాయాలి, లేదా విడిగా ఒక హెచ్‌టీఎంఎల్ ఫైలు తయారుచేసి జతచెయ్యాలి. ఇది మామూలువాళ్లు చేసుకునే పని కాదు, ఎవరో ఒకరు చేసిపెట్టాలి. (ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ నేనే.)

వెబ్ పేజీల నుంచి, వర్డ్ ఫైళ్ల నుంచి కాపీ చేసి అతికించేవాళ్లు కంట్రోల్, షిఫ్ట్, వి మూడూ కలిపి నొక్కడం నేర్చుకోండి. అక్కడి ఫాంటూ రంగూ వదిలేసి మేటర్ మాత్రమే దిగుతుంది. ఇది తెలియక ఒకే మెయిల్లో ఆరు సైజుల అక్షరాలతో పెళ్లి భోజనాల ఆకులా పంపేవాళ్లను చాలామందిని చూశాను.

జీమెయిల్ కలపడం ఇప్పుడు తేలికే. ఖాతా పెట్టేటప్పుడు గూగుల్ లాగిన్ కిటికీ తెరుచుకుంటుంది, అక్కడ లాగిన్ అయితే చాలు. పాత రోజుల్లోలా సర్వర్ పేర్లూ పోర్టు నంబర్లూ కాగితం మీద రాసుకుని రానక్కర్లేదు.

అవుట్‌లుక్ అంటే ఏ అవుట్‌లుక్?

ఇక్కడే జనం దెబ్బతింటారు. విండోస్‌లో అవుట్‌లుక్ అనే పేరుతో ఇప్పుడు రెండు వేర్వేరు ప్రోగ్రాములు ఉన్నాయి. ఒకటి ఎప్పటి నుంచో మైక్రోసాఫ్ట్ ఆఫీసుతో పాటు వచ్చేది, దాన్ని క్లాసిక్ అంటున్నారు. రెండోది విండోస్ 11తో ఉచితంగా వచ్చే కొత్త అవుట్‌లుక్. పాత మెయిల్, క్యాలెండర్ యాప్‌లకు 2024 చివర్లో మద్దతు ఆపేసి దీన్ని ఇచ్చారు. పేరు ఒకటే, తల్లీ బిడ్డలంత తేడా.

ముందు క్లాసిక్ సంగతి. ఫార్మాటింగ్‌లో దీనికి పోటీ లేదు, ఈ మాట ఒప్పుకోవాలి. కారణం ఏమిటంటే 2007 నుంచి మెయిల్ రాసే కిటికీ లోపల ఉన్నది అచ్చంగా వర్డే. వర్డ్‌లో చేతనైనవన్నీ, స్టైల్స్, టేబుల్ డిజైన్లు, గడులు కలపడం విడగొట్టడం, ఒకచోటి అలంకారాన్ని బ్రష్‌తో ఇంకోచోటికి పూయడం, పదే పదే వాడే ముక్కల్ని క్విక్ పార్ట్స్‌గా దాచుకోవడం, అన్నీ మెయిల్లోనే చేసుకోవచ్చు.

చిత్తూరులో నాకు తెలిసిన ఒక మామిడి గుజ్జు వ్యాపారి ఉన్నాడు, గల్ఫ్‌కి, యూరప్‌కి ఎగుమతి. ఆయన కొటేషన్ ఎలా ఉంటుందంటే, తోతాపురి ఒక వరస, ఆల్ఫాన్సో ఒక వరస, బ్రిక్స్ (గుజ్జులో తీపి కొలత) ఎన్ని డిగ్రీలు, 215 కిలోల డ్రమ్ములా, 3.1 కిలోల డబ్బాలు ఆరేసి పెట్టిన కార్టన్లా, టన్ను ధర, చెల్లుబాటు తేదీ. సీజన్లో ధర రోజూ మారుతుంది, కాబట్టి లెక్కంతా ఎక్సెల్‌లోనే. అందులోంచి కాపీ చేసి మెయిల్లో పెడితే గీతలు, రంగులు, డిగ్రీ గుర్తు, అంకెల కుడివైపు సర్దుబాటు ఏవీ చెదరకుండా దిగాలి. ఈ పనికి క్లాసిక్ అవుట్‌లుక్‌ని మించింది నేను చూడలేదు. థండర్‌బర్డ్‌లోనూ ఎక్సెల్ టేబుల్ దిగుతుంది గానీ, దిగాక గడి వెడల్పు మార్చాలన్నా, ఒక వరస తీసెయ్యాలన్నా చెయ్యి తిరగదు. పైగా ఒకే ఆఫర్‌ని నలభైమందికి ఎవరి పేరుతో వాళ్లకు విడివిడిగా పంపాలంటే వర్డ్‌లో మెయిల్ మెర్జ్ ఉంది, జాబితా ఎక్సెల్‌లో పెట్టుకుంటే చాలు. ఒకటి గుర్తుంచుకోండి, మామూలు జీమెయిల్ ఖాతాతో రోజుకు 500 మందిని మించి పంపనివ్వరు, ఏ ప్రోగ్రామ్ వాడినా.

దెబ్బ ఎక్కడంటే, వర్డ్ తయారుచేసే కోడ్ మహా బరువు. పైకి అరపేజీ మెయిల్, లోపల పుట్టెడు చెత్త. జీమెయిల్‌లో సుమారు 102 కేబీ దాటిన మెయిల్‌ని సగంలో కోసి, మిగతాది చూడాలంటే ఇక్కడ నొక్కండి అని చూపిస్తుంది. అవతలివాళ్లు నొక్కరు. మీ ధర కింది సగంలో ఉంటే అంతే సంగతులు. కాబట్టి పెద్ద ఎక్సెల్ షీటంతా మెయిల్లో పొయ్యకుండా ముఖ్యమైన ఏడెనిమిది వరసలు పెట్టి, మిగతాది ఫైలుగా జతచెయ్యండి.

ఇంకో పాత జబ్బు ఉంది. మెయిల్ ఫార్మాట్ల జాబితాలో హెచ్‌టీఎంఎల్, ప్లెయిన్ టెక్స్ట్ పక్కనే రిచ్ టెక్స్ట్ అని ఒకటి కనపడుతుంది. పేరు చూసి, రిచ్ కదా బాగుంటుందేమో అని అది పెట్టుకుంటారు. అది అవుట్‌లుక్ వాళ్లు అవుట్‌లుక్ వాళ్లతో మాట్లాడుకునే భాష. బయటివాళ్లకు వెళ్తే మీ అలంకారం, ఒక్కోసారి మీరు జతచేసిన పీడీఎఫ్ కూడా మాయమై, విన్‌మెయిల్.డాట్ అనే తెరుచుకోని ఫైలు ఒకటి మిగులుతుంది. ఆప్షన్స్‌లో మెయిల్ కింద హెచ్‌టీఎంఎల్ ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి.

రావడంలోనూ తేడా ఉంది. గీసేది కూడా వర్డే కాబట్టి, బయట కంపెనీలు పంపే రంగురంగుల న్యూస్‌లెటర్లు క్లాసిక్ అవుట్‌లుక్‌లో అప్పుడప్పుడు అడ్డదిడ్డంగా కనిపిస్తాయి. అది పంపినవాళ్ల తప్పు కాదు.

డబ్బు మాట. ఇది మైక్రోసాఫ్ట్ 365 చందాతోనో, బిజినెస్ అని పేరులో ఉన్న ఆఫీసు ప్యాకేజీతోనో వస్తుంది. ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చే హోమ్ అండ్ స్టూడెంట్ (2024 వెర్షన్ నుంచి పేరు హోమ్ అని మార్చారు) రకంలో వర్డ్, ఎక్సెల్ ఉంటాయి గానీ అవుట్‌లుక్ ఉండదు. "ఆఫీసు ఉంది కదన్నా, అవుట్‌లుక్ ఎందుకు రాలేదు" అని అడిగేవాళ్లకు సమాధానం ఇదే.

ఇక కొత్త అవుట్‌లుక్. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. నిజానికి అది వెబ్ అవుట్‌లుక్‌కి తొడిగిన చొక్కా. బోల్డు, రంగు, జాబితా, టేబుల్ పెట్టడం, సంతకం అన్నీ ఉన్నాయి, ఇంటి వాడకానికి చాలు. వర్డ్ ఎడిటర్ మాత్రం లేదు, క్లాసిక్‌కి అలవాటుపడినవాళ్లకు చేతులు కట్టేసినట్టు ఉంటుంది, పాత యాడ్-ఇన్‌లు కూడా చాలావరకు పనిచెయ్యవు. ఉచితంగా వాడితే ప్రకటనలు వస్తాయి. జీమెయిల్ కలిపితే ఆ మెయిళ్లు మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌కి కాపీ అవుతాయని మొదట్లోనే ఒక కిటికీలో చెబుతుంది, అందరూ చదవకుండా ఓకే కొట్టేస్తారు. లెక్కల మెయిళ్లు, ఆధార్ కాపీలు తిరిగే ఖాతా అయితే ఒకసారి చదివి నొక్కండి. క్లాసిక్ వాడుతున్నవాళ్లకు కుడి మూల పైన కొత్తదాన్ని ట్రై చెయ్యమని ఒక స్విచ్ ఊరిస్తూ ఉంటుంది. కొటేషన్లు పంపే సీజన్లో దాని జోలికి పోవద్దు.

ఈఎమ్ క్లయింట్, మిగతావి

ఈఎమ్ క్లయింట్ చెక్ దేశం వాళ్లది, విండోస్, మ్యాక్ రెండింటికీ ఉంది. రాసే కిటికీ ఒక్కటే చూసి మార్కులు వెయ్యమంటే థండర్‌బర్డ్ కంటే దీనికే ఎక్కువ వేస్తాను. టేబుల్ పెట్టడం, బొమ్మని మూల పట్టుకుని లాగి సైజు మార్చడం, సంతకాన్ని లోగోతో సహా లోపలే తయారుచేసుకోవడం, టెంప్లేట్లు, అన్నీ చేతికి అందేచోట ఉంటాయి. సంతకం కోసం నన్ను పిలవనక్కర్లేదు. మెలిక ఎక్కడంటే ఉచిత లైసెన్సు సొంత వాడకానికి మాత్రమే, ఖాతాలకూ పరిమితి ఉంది. వ్యాపారానికి వాడాలంటే కొనుక్కోవాలి. చిన్నాయనది వ్యాపారం, కాబట్టి ఉచితంగా పెట్టెయ్యి అంటే నేను పెట్టలేదు. పోస్ట్‌బాక్స్ అని ఇంకోటి ఉండేది, ఫార్మాటింగ్ ప్రియులకు చాలా ఇష్టమైనది. 2024లో ఈఎమ్ క్లయింట్ వాళ్లే దాన్ని కొనేసి ఆపేశారు, ఇప్పుడు ఎవరైనా సలహా ఇచ్చినా పెట్టుకోవద్దు.

మెయిల్‌బర్డ్ చూడ్డానికి బాగుంటుంది, ఖాతాలన్నీ ఒకచోట చూసుకోవడానికి సరే. ఫార్మాటింగ్ కోసమే వెతికేవాళ్లకు అందులో ప్రత్యేకంగా ఏమీ లేదు.

మ్యాక్ ఉన్నవాళ్లకు యాపిల్ మెయిల్ సిస్టమ్‌తోనే వస్తుంది. ఉత్తరం రాయడానికి హాయిగా ఉంటుంది, టేబుల్ కావాలంటే నంబర్స్‌లోనో పేజెస్‌లోనో చేసుకుని తెచ్చి అతికించుకోవడమే. ఒకప్పుడు స్టేషనరీ అని రెడీమేడ్ డిజైన్లు ఉండేవి, అవీ 2018లో తీసేశారు. మ్యాక్‌లో కొటేషన్లు పంపేవాళ్లకు నేను థండర్‌బర్డే చెబుతాను.

లైనక్స్ వాళ్లు ఎవొల్యూషన్ చూడండి. హెడ్డింగులు, టేబుళ్లు, అడ్డగీతలు, బొమ్మలు అన్నీ చక్కగా పెట్టుకోవచ్చు, కంపెనీలు వాడే మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ఛేంజ్ మెయిల్ ఖాతా కూడా కలుస్తుంది. క్లాజ్ మెయిల్ (Claws Mail) చాలా తేలికైనది, పాత కంప్యూటర్‌లో పరుగెడుతుంది అని ఎవరైనా చెబితే అదీ నిజమే, కాకపోతే దాంట్లో రంగు మెయిల్ రాయడం అనేదే లేదు, కావాలనే పెట్టలేదు.

తెలుగులో రాసేవాళ్ల గొడవలు వేరు

భవానీ నగర్లో ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు ఉన్నారు. నెలకోసారి పాత విద్యార్థులకు పద్యాలూ వాటి అర్థాలూ మెయిల్లో పంపుతారు, అమెరికాలో ఉన్నవాళ్లకు కూడా. ఒకసారి "ఏమయ్యా, నా పద్యం అవతలివాళ్లకు బూతుల్లా కనపడుతోందట" అన్నారు. చూస్తే ఆయన మేటర్ డీటీపీ షాపులో అను ఫాంట్లలో టైప్ చేయించి, అక్కడి నుంచి కాపీ చేసి మెయిల్లో పెడుతున్నారు. అను అక్షరాలు లోపల నిజంగా తెలుగు కావు, ఇంగ్లీషు గుర్తుల మీద తెలుగు బొమ్మలు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో గుర్తులే బయటపడతాయి. ఇది ఏ మెయిల్ ప్రోగ్రామ్ మార్చినా తీరే జబ్బు కాదు. మేటర్‌ని యూనికోడ్‌లోకి (ఏ కంప్యూటరైనా, ఫోనైనా తెలుగుని తెలుగుగానే గుర్తుపట్టే పద్ధతి) మార్పించుకోవాలి, లేదా మొదటి నుంచీ యూనికోడ్‌లోనే టైప్ చెయ్యాలి. విండోస్ 10, 11లో తెలుగు ఫొనెటిక్ కీబోర్డ్ ఉంది, మాస్టారికి నాలుగు రోజుల్లో అలవాటైపోయింది.

యూనికోడ్‌లోకి వచ్చాక కూడా కొన్ని కిటుకులు ఉన్నాయి. అండర్‌లైన్ వద్దు. గీత సరిగ్గా ఒత్తుల మీదుగా పోతుంది, "శ్రీకాళహస్తి" అని రాసి గీత గీసి చూడండి, కింది తకారం గీతలో చిక్కుకుపోయి ఉంటుంది. ఇటాలిక్ కూడా వద్దు, తెలుగు అక్షరాన్ని పక్కకు వంచితే గాలికి వాలిన అరటి చెట్టులా ఉంటుంది తప్ప ఒత్తి చెప్పినట్టు ఉండదు. బోల్డు చాలు, కావాలంటే ఒక రంగు. క్లాసిక్ అవుట్‌లుక్‌లో లైన్ల మధ్య దూరాన్ని ఎగ్జాక్ట్‌లీ అని పెట్టి అంకె తగ్గిస్తే "బ్రహ్మోత్సవం" లాంటి మాటల్లో ఒత్తులు తెగిపోతాయి, సింగిల్ అనో మల్టిపుల్ అనో ఉంచండి. అదే అవుట్‌లుక్‌లో తెలుగు సైజు మారడం లేదనిపిస్తే ఫాంట్ డైలాగ్ తెరిచి చూడండి, కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ అని వేరే గడి ఉంటుంది, తెలుగు అక్కడి మాట వింటుంది. థండర్‌బర్డ్‌లో అయితే సెట్టింగ్స్‌లో ఫాంట్ల దగ్గర అడ్వాన్స్‌డ్ నొక్కి, భాషల జాబితాలో తెలుగు ఎంచుకుని ఫాంటూ సైజూ పెట్టుకోవాలి. ఇది చదివేటప్పుడు మీ కళ్లకు మాత్రమే, అవతలివాళ్లకు ఏమీ మారదు.

ఫాంటు ఎంపికలో నా సలహా, విండోస్‌తో వచ్చే నిర్మలా యూఐ పెట్టి ఊరుకోండి. మల్లన్న, రామభద్ర లాంటి అందమైన ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి గానీ అవతల లేకపోతే కనపడవు. ఆ అందమే ముఖ్యమనుకుంటే పీడీఎఫ్ చేసి జతచెయ్యండి. మాస్టారు ఇప్పుడు చేస్తున్నది అదే, మెయిల్లో రెండు వాక్యాలు, పద్యం పీడీఎఫ్‌లో.

మరి మీకు ఏది?

మైక్రోసాఫ్ట్ 365కి ఇప్పటికే డబ్బు కడుతున్నారు, రోజూ ఎక్సెల్‌లోంచి మెయిల్లోకి టేబుళ్లు పోస్తారు, అవతల ఉన్నదీ కంపెనీలే అంటే క్లాసిక్ అవుట్‌లుక్. రెండో ఆలోచన వద్దు. అలా కాకుండా మెయిల్ కోసమే కొత్తగా చందా కట్టబోతుంటే ఆగండి, నెల రోజులు థండర్‌బర్డ్ వాడి చూసి అప్పుడు కట్టండి. ఇంట్లో వాడకానికి, సంతకం, బొమ్మలు, అందం కావాలి, సెట్టింగ్స్‌లో తల దూర్చే ఓపిక లేదు అంటే ఈఎమ్ క్లయింట్ ఉచిత వెర్షన్. యూనివర్సిటీ పిల్లలు అప్పుడప్పుడు అడుగుతుంటారు, ప్రొఫెసర్లకు మెయిల్ పంపడానికి ఏది బాగుంటుందన్నా అని. మీకు ఏదీ వద్దు నాన్నా. రంగు లేకుండా, సబ్జెక్ట్ లైన్ సరిగ్గా రాసి, అడగాల్సింది మొదటి రెండు లైన్లలో అడగండి. మిగతా అందరికీ, అంటే చిన్న వ్యాపారం, పదే పదే అదే రకం మెయిల్, ఖర్చు వద్దు అనేవాళ్లకు, థండర్‌బర్డ్.

ఏది పెట్టుకున్నా మొదటి రోజు ఒక పని చెయ్యండి. నిజంగా పంపబోయే మెయిల్‌ని, టేబులూ లోగోతో సహా, ముందు మీకే పంపుకోండి. కంప్యూటర్‌లో ఒకసారి, ఫోన్లో ఒకసారి, ఫోన్‌ని డార్క్ మోడ్‌లో పెట్టి ఇంకోసారి చూడండి. తెల్ల కాగితం మీద బాగున్న ముదురు నీలం అక్షరాలు నల్ల తెర మీద మాయమవుతాయి, పసుపు రంగైతే మామూలు తెర మీదే కనపడదు. లోగోని నెట్ నుంచి లింకుగా పెట్టి ఉంటే చాలా ప్రోగ్రాములు దాన్ని మొదట ఆపేస్తాయి, ఖాళీ పెట్టె కనిపిస్తుంది. మెయిల్లోనే పొదిగిన చిన్న బొమ్మ అయితే ఆ ఇబ్బంది ఉండదు. రేట్లను ఫోటో తీసి బొమ్మగా పంపే అలవాటు కూడా మానండి, అవతలివాళ్లు ఆర్నెల్ల తర్వాత "టెంపో" అని వెతికితే ఆ మెయిల్ దొరకదు.

చిన్నాయన థండర్‌బర్డ్‌తో ఇప్పుడు కులాసాగా ఉన్నాడు. "రేట్లు" అని టెంప్లేట్, "రేట్లు బ్రహ్మోత్సవాలు" అని ఇంకోటి, రెండోది ఎందుకో చెప్పనక్కర్లేదు. మొన్న ఆఫీసుకు వెళ్తే అంత కష్టపడి చేసిన ఆ టేబుల్‌ని మెయిల్లో పంపించి, మళ్లీ అదే స్క్రీన్‌ని ఫోన్‌తో ఫోటో తీసి పార్టీకి వాట్సాప్‌లో పెడుతున్నాడు. ఎందుకు చిన్నాయనా అంటే, "మెయిలు చూసుకోమని చెప్పాలి గదరా" అన్నాడు.